విలన్ ముఖం మీద గాటు ఎవరు పెట్టారు?

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, నేను చదువు విలువ గురించో, క్రమశిక్షణ గురించో రాస్తానని అనుకుని ఉంటారు. అవి ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నేను జేమ్స్‌బాండ్ సినిమాల గురించి రాస్తున్నాను. నవ్వకండి. చివరిదాకా చదివాక నవ్వినా ఫరవాలేదు.

మొన్న దసరా సెలవులకు ముందు వచ్చి ఒక రాత్రి హాస్టల్లో ఉన్నాను. స్టడీ అవర్ అయిపోయింది. లైట్లు ఆర్పమని వాచ్‌మన్ రెండుసార్లు కేకేసి వెళ్లాడు. ఏడో నంబరు గదిలో మాత్రం సభ నడుస్తోంది. నేను ఇంటర్లో ఉన్నప్పుడు అదే గదిలో, అదే కిటికీ కింద నడిచిన సభే. అప్పట్లో ఒక సీనియర్ అన్న దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉండేది. అందులో బాండ్ సినిమాలన్నీ ఉండేవి. మాకు ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, సగం మేమే కల్పించుకునేవాళ్లం. వాదన మాత్రం పూర్తిగా తెలుగులోనే! అంశం ఇప్పటికీ మారలేదు: అందరికంటే గొప్ప విలన్ ఎవడు? అన్నిటికంటే గొప్ప టైటిల్ పాట ఏది?

ఒకడు గోల్డ్‌ఫింగర్ అంటాడు. ఒకడు తెల్ల పిల్లిని నిమిరే బ్లోఫెల్డ్ అంటాడు. తెలుగు డబ్బింగ్‌లో 'స్కైఫాల్' చూసినవాళ్లు సిల్వా తప్ప ఇంకెవరూ కాదంటారు. ఆ రాత్రి ఒక తమ్ముడు గట్టిగా అన్నాడు: "విలనంటే చూడగానే తెలిసిపోవాలన్నా! మొహం చూస్తేనే భయం పుట్టాలి." అందరూ ఔనన్నారు. ఐదేళ్ల కిందటైతే నేనూ ఔననేవాణ్ణే. ఇప్పుడు కాదంటాను. ఆ రాత్రి నిద్రమత్తులో సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

1962లో వచ్చిన 'డాక్టర్ నో'తో ఈ వరస మొదలైంది. 2021లో వచ్చిన 'నో టైమ్ టు డై'తో 25 సినిమాలయ్యాయి. ఒకసారి విలన్లను వరసగా నిలబెట్టి చూడండి. డాక్టర్ నో తండ్రి జర్మన్, తల్లి చైనా స్త్రీ. రెండు చేతులూ పోయి లోహపు చేతులు పెట్టుకున్నవాడు. ఆ వేషం వేసిన జోసెఫ్ వైజ్‌మన్ చైనావాడు కాదు, మేకప్‌తో అలా చేశారు. 1967లో 'యు ఓన్లీ లివ్ ట్వైస్'లో బ్లోఫెల్డ్ ముఖం మొదటిసారి చూపించారు, కంటి మీదుగా పెద్ద గాటుతో. 1995లో 'గోల్డెన్ ఐ' విలన్ ముఖం ఒక పక్క కాలి ఉంటుంది. 2006లో 'క్యాసినో రాయల్' విలన్ లె షిఫ్ర్ కంటి దగ్గర మచ్చ, ఆ కంటి నుంచి నీటికి బదులు రక్తం. 2012లో సిల్వా దవడ లోపల పాడైపోయి ఉంటుంది. 2015లో 'స్పెక్టర్' చివరికి వచ్చేసరికి బ్లోఫెల్డ్‌కు మళ్లీ గాటు. 2021లో సాఫిన్ ముఖమంతా మచ్చలే.

ఇక అసలు సంగతి వినండి. ఇయాన్ ఫ్లెమింగ్ 1953లో రాసిన మొదటి బాండ్ నవలలో ముఖం మీద గాటు ఉన్నది ఎవరికో తెలుసా? జేమ్స్‌బాండ్‌కే! కుడి చెంప మీద నిలువుగా ఉంటుంది. సినిమాకు వచ్చేసరికి హీరో చెంప నున్నగా అయిపోయింది, గాటు విలన్‌కు చేరింది. గాటు ఉన్నవాడు చెడ్డవాడని ప్రకృతి రాయలేదు. సినిమావాళ్లు రాశారు. మనం దాన్ని చదివి నమ్మాం.

ఇలా ముఖాన్ని చూసి తీర్పు చెప్పే కన్ను విలన్ దగ్గరే ఆగదు. 'డాక్టర్ నో'లోనే క్వారెల్ అని ఒక నల్లజాతి మనిషి ఉంటాడు. సముద్రం తెలిసినవాడు, పడవలో బాండ్‌ను ఆ దీవికి చేర్చినవాడు. ఒకచోట బాండ్ అతనితో తన బూట్లు తెమ్మంటాడు. అతను తెస్తాడు. ఆ తర్వాత విలన్ మనుషుల మంటల బండికి బలైపోతాడు. కథ ముందుకు వెళ్లిపోతుంది. ఇంటర్లో ఆ సీను చూసి నేను ఏమీ అనుకోలేదు. డిగ్రీలో మళ్లీ చూసినప్పుడు మాత్రం సినిమా ఆపేసి కాసేపు కూర్చున్నాను. మా తాత పెద్దల వీధి దాటేటప్పుడు తన చెప్పులు విప్పి చేతిలో పట్టుకునేవాడని మా నాయన చెప్పేవాడు. తెర మీద ఆ రెండు నిమిషాలు నేను ఎవరి పక్కన ఉన్నాను? బాండ్ పక్కనా, క్వారెల్ పక్కనా? ఇన్నేళ్లూ బాండ్ పక్కనే ఉన్నానని తెలిసి సిగ్గేసింది.

"అన్నా, సినిమాను సినిమాలా చూడాలి" అంటారు మీరు. సరే, ఇప్పుడు మన హాస్టల్ సంగతి చెబుతాను.

నా బ్యాచ్‌లో ఒకతను ఉండేవాడు. పేరు రాయొద్దన్నాడు, రాయను. చిన్నప్పుడు ఇంట్లో కిరోసిన్ స్టవ్ పేలి అతని ఎడమ చెంప, మెడ కాలాయి. ఐదేళ్లలో మన వార్షికోత్సవాలకు మేం నాలుగు నాటికలు వేశాం. నాలుగింటిలోనూ విలన్ అతనే. ఒకసారి దొర, ఒకసారి వడ్డీ వ్యాపారి, ఒకసారి రౌడీ, ఒకసారి యముడు. "మేకప్ ఖర్చు లేదురా" అని ఒకడంటే అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఈ వ్యాసంలో అన్నిటికంటే కష్టంగా రాసిన వాక్యం అదే. అతనూ మాతోపాటు నవ్వేవాడు. నవ్వకపోతే హాస్టల్లో బతకలేమని అతనికి మాకంటే బాగా తెలుసు.

ఇప్పుడు రెండో మనిషి సంగతి. మన మెస్‌కు సరుకులు దింపే సరఫరాదారు ఒకాయన ఉండేవాడు. తెల్ల చొక్కా, నుదుట బొట్టు, ఎప్పుడూ నవ్వు ముఖం. ఆగస్టు 15కు మాకు చాక్లెట్లు పంచేవాడు. అందరం "నమస్తే సార్" అనేవాళ్లం. ఒకరోజు కామాటి సెలవులో ఉంటే కందిపప్పు బస్తాలు మేమే లోపలికి మోశాం. వేసవి సెలవుల్లో హమాలీ పనికి వెళ్లే మన విలన్ మిత్రుడు బస్తా భుజానికి ఎత్తుకోగానే, "ఇది యాభై కిలోలు కాదురా" అన్నాడు. పక్క కొట్టు నుంచి కాటా తెచ్చి తూచాం. 46 కిలోలు! ప్రతి బస్తా అంతే. మన సాంబారు నీళ్లలా ఎందుకుంటుందో ఆరోజు తెలిసింది. కాగితం రాసి 32 మందిమి సంతకాలు పెట్టి వార్డెన్ సార్‌కు ఇచ్చాం. మొదటి సంతకం ఎవరిదో మీరు ఊహించగలరు. ఆ తర్వాతి నెల నుంచి తూకం వేసి సరుకు దింపుకోవడం మొదలైంది. ఇప్పటికీ అది నడుస్తోందనుకుంటాను. నడవకపోతే ఇవాళే మొదలుపెట్టండి.

చెప్పండి తమ్ముళ్లూ, ఈ ఇద్దరిలో విలన్ ఎవరు? ముఖం చూసి చెప్పగలరా?

అందుకే నా ఓటు అభిమానులెవరూ వెయ్యని చోట వేస్తున్నాను. 2008లో వచ్చిన 'క్వాంటమ్ ఆఫ్ సొలేస్'లో డొమినిక్ గ్రీన్ అని ఒక విలన్ ఉంటాడు. చాలామంది అభిమానుల జాబితాల్లో అతనిది అడుగు స్థానం. "చప్పటి విలన్" అంటారు. మచ్చ లేదు, గాటు లేదు, పిల్లి లేదు, లోహపు చెయ్యి లేదు. పర్యావరణాన్ని కాపాడతానని చెప్పుకుంటూ బొలీవియాలో భూములు పట్టేస్తాడు. భూమి అడుగున నీళ్లకు అడ్డుకట్టలు కట్టి, జనాన్ని దాహానికి గురిచేసి, అవే నీళ్లను ఎక్కువ ధరకు ఆ దేశానికే అమ్మాలని చూస్తాడు. ఆ వేషం వేసిన మాత్యూ అమాల్రిక్ ముఖానికి ప్రత్యేక మేకప్ కావాలని అడిగితే, దర్శకుడు మార్క్ ఫోర్‌స్టర్ వద్దన్నాడు. సమాజంలో దాగి ఉన్న చెడుకు అతను గుర్తుగా ఉండాలన్నాడు.

ఇది ఊరికే కల్పించిన కథా? బొలీవియాలోనే కోచబాంబా నగరంలో నీటి సరఫరాను ప్రైవేటు కంపెనీల చేతికి ఇస్తే నీటి బిల్లులు ఒక్కసారిగా పెరిగాయి. జనం వీధుల్లోకి వచ్చారు. 2000 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఎనిమిదేళ్ల తర్వాత బాండ్ విలన్ అదే దేశంలో అదే పని చేశాడు. సినిమా బాగా తీశారని నేననను. హాలీవుడ్ రచయితల సమ్మె కాలంలో స్క్రిప్టు సరిగా పూర్తికాకుండానే తీశారు, అది కనిపిస్తుంది కూడా. కానీ విలన్‌గా గ్రీన్ నాకు తెలిసినవాడు. అతను మన మెస్‌కు పప్పు దింపినవాడే.

ఆ మాటకొస్తే మీ గోల్డ్‌ఫింగర్ గొప్పతనం కూడా ముఖంలో లేదు, పథకంలో ఉంది. అమెరికా ఖజానాలోని బంగారాన్ని అతను దొంగిలించాలనుకోడు. దాన్ని అణుధార్మికతతో ఎవరూ ముట్టుకోలేకుండా చేసి, తన దగ్గరున్న బంగారం ధర పెంచుకోవాలనుకుంటాడు. గోదాములో ధాన్యం దాచి కరువు పుట్టించే వ్యాపారి బుద్ధి అది! సిల్వా విషయంలోనూ మీతో సగం ఒప్పుకుంటాను. అతని దవడ వెనక ఒక కథ ఉంది. సొంత సంస్థ వదిలేస్తే విషం మింగి చావలేక బతికినవాడు. అక్కడ గాయం మనిషి చరిత్ర. మిగతాచోట్ల గాయం వట్టి ముద్ర. నా అభ్యంతరం ఆ ముద్రతోనే.

నేనొక్కణ్ణే అంటున్న మాట కాదిది. ముఖం మీద మచ్చలున్నవాళ్ల కోసం పనిచేసే 'ఛేంజింగ్ ఫేసెస్' అనే సంస్థ బ్రిటన్‌లో దీని మీద ప్రచారం చేసింది. మచ్చలనే విలన్ గుర్తుగా చూపించే సినిమాలకు ఇక డబ్బు ఇవ్వబోమని 2018లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రకటించింది. అయినా మూడేళ్ల తర్వాత సాఫిన్ రానే వచ్చాడు.

ఇక పాటల సంగతి. అందులో తీర్పు చెప్పేంత సంగీత జ్ఞానం నాకు లేదు. కానీ అక్కడా ముఖం వెనక ఉన్న పనిని చూడమనే చెబుతాను. 'స్కైఫాల్' పాటకు ఆస్కార్ వచ్చింది, బాండ్ పాటల్లో అదే మొదటిది. నిజమే. కానీ ఈ వరసలో మూడు టైటిల్ పాటలు పాడిన గాయని ఒక్కరే, షర్లీ బాసీ. 1964లో 'గోల్డ్‌ఫింగర్', 1971లో 'డైమండ్స్ ఆర్ ఫరెవర్', 1979లో 'మూన్‌రేకర్'. ఆమె తండ్రి నైజీరియా నుంచి వచ్చినవాడు. కార్డిఫ్ రేవు దగ్గరి పేదవాడలో పుట్టి, చిన్న వయసులోనే బడి మానేసి ఫ్యాక్టరీలో పనిచేసింది. మొదటి సినిమాలో నల్లవాడి చేత బూట్లు తెప్పించిన ఈ వరస, రెండేళ్లకే ఒక నల్లజాతి తండ్రి బిడ్డ గొంతుతో ప్రపంచమంతా మోగింది.

ఇంకొకటి. మనం కంచాల మీద వాయించే ఆ బాండ్ సంగీతం ఎక్కడ పుట్టిందో తెలుసా? వి.ఎస్. నైపాల్ 1961లో రాసిన 'ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్' నవలను సంగీత నాటకంగా వెయ్యాలని మాంటీ నార్మన్ ఒక పాట కట్టాడు. ఆ నవల ట్రినిడాడ్ చెరుకు తోటలకు కూలికి వెళ్లిన భారతీయుల సంతతి కథ. మన తెలుగు నేల నుంచి కూడా అలాగే ఒప్పంద కూలీలుగా మారిషస్, నాటాల్, ఫిజీ వెళ్లినవాళ్లున్నారు. ఆ నాటకం నడవలేదు. పక్కన పెట్టిన ఆ వరసనే నార్మన్ బాండ్‌కు ఇచ్చాడు. జాన్ బ్యారీ దానికి వాద్యాలు కూర్చాడు, విక్ ఫ్లిక్ గిటార్ మీద వాయించాడు. అసలు కర్త ఎవరనే వాదన కోర్టుకెక్కితే 2001లో లండన్‌లో తీర్పు నార్మన్ పక్షాన వచ్చింది. అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. నా మటుకు నాకు విత్తనం నార్మన్‌ది, చెట్టు బ్యారీది. మరి ఆ నేల? సొంత ఇల్లు కోసం జీవితమంతా తపించిన ఒక కూలీల మనవడి కథది. తెల్లదొర తుపాకి తిప్పుతూ నడిచి వస్తుంటే మోగే ఆ బాణీలో మనలాంటివాళ్ల పాలు కొంత ఉంది.

కాబట్టి తమ్ముళ్లూ, ఏడో నంబరు గదిలో వాదన ఆపమని నేను చెప్పను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. నలుగురిలో నిలబడి నా మాట నేను చెప్పడం క్లాసులో కంటే ఆ గదిలోనే ఎక్కువ నేర్చుకున్నాను. వాదించండి. కాకపోతే ప్రశ్న మార్చండి. "వాడెలా ఉన్నాడు?" అని కాదు, "వాడేం చేశాడు? ఎవరి నోటి దగ్గరిది లాక్కున్నాడు?" అని అడగండి. మన ముఖం, మన ఊరు, మన వాడ పేరు చూసి లోకం మనల్ని కొలిచినప్పుడు మనకెలా ఉంటుందో తెలుసు కదా! ఆ కొలబద్దనే మనం ఇంకొకరి మీద ఎందుకు పెట్టాలి?

కొత్త బాండ్ సినిమాకు దర్శకుడిగా డెనీ విల్‌నవ్ పేరును 2025లో ప్రకటించారు. ఆయన విలన్‌ను ఎలా చూపిస్తాడో మన చేతుల్లో లేదు. మన వార్షికోత్సవ నాటిక మాత్రం మన చేతుల్లోనే ఉంది. ఈసారి విలన్ వేషానికి మనలో అందరికంటే అందగాణ్ణి ఎంపిక చెయ్యండి. ఇస్త్రీ చొక్కా తొడగండి, చేతికి చాక్లెట్ల పొట్లం ఇవ్వండి. ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్న నా మిత్రుణ్ణి ఆ రోజుకు రమ్మని పిలిచాను, వస్తానన్నాడు. మొదటి వరసలో కూర్చోబెట్టండి. అతనికి నేను చెప్పాల్సిన మాట ఒకటి బాకీ ఉంది, ఆ రోజు చెబుతాను.

– ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి,
ఏడో నంబరు గది పూర్వ నివాసి