ఆరుగురికి ఆరు జాకెట్లు

ప్రతివారం ఈ పేజీలో మా అమ్మ మీతో కబుర్లు చెబుతుంది కదా! ఈ వారం ఆ వంతు నాకొచ్చింది. నా పేరు జిమ్మీ. పేరు చూసి జాతికుక్క అనుకునేరు! భీమవరంలో మా వీధి చివర ఇసుక కుప్ప మీద పుట్టినవాణ్ణి. నాలుగేళ్ల కిందట మా చిన్నబాబు చొక్కాలో దాచి ఇంటికి తెచ్చాడు. నాకు రాత రాదు. నేను చూసిందీ, వాసన పట్టిందీ అమ్మ రాసిపెడుతోంది.

సంక్రాంతి వెళ్లాక ఇంటిల్లిపాదీ అంతర్వేది ప్రయాణం పెట్టుకున్నారు. భీష్మ ఏకాదశి రథోత్సవానికైతే ఇసకేస్తే రాలనంత జనం, ముందే వెళ్లొద్దామంది నానమ్మ. "మరి జిమ్మీ?" అన్నాడు చిన్నబాబు. "కుక్కకి తీర్థయాత్రలేవిట్రా" అన్నారు నాన్నగారు. "ఒక్కణ్ణీ ఇంట్లో వదిలేస్తే వీధి వీధంతా నిద్రపోదు" అంది అమ్మ. అలా నాకూ కార్లో చోటు దొరికింది. ఆ పొద్దున్న నాకు గుప్పెడు పెరుగన్నమే పెట్టింది. కడుపు నిండా తిని పడవెక్కితే కక్కుకుంటామట. తక్కినవాళ్లు ఒక్కొక్కరు ఆరేసి ఇడ్లీలు లాగించారు. వాళ్లని అడిగేవాళ్లెవరు!

నరసాపురం రేవులో పంటు ఎక్కాం. చూడనివాళ్ల కోసం చెబుతున్నాను, పంటు అంటే కార్లూ, మోటారు సైకిళ్లూ, మనుషులూ అందరూ కలిసి వశిష్ఠ గోదావరి దాటే బల్లకట్టులాంటిది. మీరు గోదావరిని కళ్లతో చూస్తారు, నేను ముక్కుతో చూస్తాను. డీజిలు వాసన, ఎవరి బుట్టలోదో ఎండుచేపల వాసన, తడిసిన కొబ్బరిపీచు వాసన, వాటన్నిటి కిందా చల్లటి బురద వాసన. ఇంజను మోత మీకు చెవుల్లోకి వస్తుంది, నాకు పాదాల్లోంచి పొట్టలోకి వచ్చింది. తోక కాళ్ల మధ్యకి వెళ్లిపోయింది. అమ్మ ఏం మాట్లాడకుండా నా వీపు మీద చెయ్యి వేసింది. సఖినేటిపల్లి రేవు వచ్చేదాకా ఆ చెయ్యి తియ్యలేదు.

గుళ్లోకి నాకు ప్రవేశం లేదు కదా. లక్ష్మీనరసింహస్వామి దర్శనానికి అంతా వంతులవారీగా వెళ్లొచ్చారు. కొబ్బరిచెట్టు నీడన చెప్పులకి కాపలా నాది. ఆ తర్వాత మొదలైంది అసలు కథ.

గోదావరి సముద్రంలో కలిసే చోటు దాకా పడవలో వెళ్లి, అన్నాచెల్లెళ్ల గట్టు చూసి రావాలని పిల్లల సరదా. ఇంజను పడవ ఒకటి మాట్లాడారు. నానమ్మ, నాన్నగారు, అమ్మ, మేనత్త, పెద్దపాప, చిన్నబాబు... మొత్తం ఆరుగురు. సరంగు నారింజరంగు లైఫ్ జాకెట్లు తెచ్చి ఇసుకలో పడేశాడు. అమ్మ లెక్కపెట్టింది. అయిదే ఉన్నాయి.

"ఇంకోటేదీ?" అంది.

"ఒకటి తగ్గితే ఏం కాదమ్మా, రోజూ తిప్పే పడవే" అన్నాడు సరంగు.

"నాకెందుకే, నేను ఇంటి దగ్గరే జాకెట్టు తొడుక్కుని వచ్చాగా!" అంది నానమ్మ. అందరూ ఘొల్లుమన్నారు. అమ్మ మాత్రం నవ్వలేదు. పడవలో పెట్టిన కాలు వెనక్కి తీసుకుని ఇసుకలో నిలబడింది.

సరంగు తొందరపెట్టాడు. అతని తొందరకీ కారణం ఉంది. సముద్రానికి రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. ఇంచుమించు ఆరేసి గంటలకి నీరు మారుతుంది. పాటు మొదలై గోదావరి నీళ్లు సముద్రంలోకి లాగుతుంటే, ఎదురుగా సముద్రపు గాలి కొడితే, మొగలో అల లేస్తుంది. అందుకని ఇప్పుడే బయల్దేరాలంటాడు. నాన్నగారికి చిరాకొచ్చింది. "నువ్వు ప్రతిదానికీ ఇంతే" అన్నారు.

అమ్మ నెమ్మదిగా ఒక్క మాటంది. "కచ్చులూరు మర్చిపోయారా?"

నేను అప్పటికింకా పుట్టలేదు గానీ ఆ మాట ఇంట్లో చాలాసార్లు విన్నాను. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలు చూడబోయిన పడవ, వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ఆ ఊరివాళ్లు తమ పడవల్లో వెళ్లి కొందరిని కాపాడగలిగారు. ఎంతోమంది తిరిగి రాలేదు. వాళ్లంతా పొద్దున్నే మనలాగే పులిహోర పొట్లాలు కట్టుకుని బయల్దేరినవాళ్లే కదా!

నాన్నగారు మరి మాట్లాడలేదు. సరంగు గొణుక్కుంటూ పోయి, పావుగంటకి ఇంకో పడవలోంచి ఆరో జాకెట్టు తెచ్చాడు. అమ్మ చిన్నబాబుకి చిన్న సైజుది చూసి వేసి, నానమ్మ చీర మీదుగా పట్టీలు బిగించి, అందరికీ అయ్యాక తనది తొడుక్కుంది.

ఇక నా సంగతి. కదలకుండా ఉంటానని నాన్నగారు నా గొలుసు పడవ బల్లకి కట్టారు. అమ్మ విప్పేసింది. "పడవ ఒరిగితే పాపం వాడు దాంతోపాటే పోతాడు. ఈదగలిగిన ప్రాణిని కట్టెయ్యకండి" అని గొలుసు వదులుగా చేత్తో పట్టుకుంది. నేను అమ్మ కాళ్ల దగ్గర సర్దుకున్నాను.

కాసేపు ఎంత బాగుందో! ఒడ్డున మడచెట్లు, బురదలో ఒంటికాలి మీద కొంగలు. గాలిలో ఉప్పు పెరుగుతోంది. నాలిక బయటపెట్టి రొప్పుతున్నాను. పడవలోకి చిమ్మిన నీళ్లు నాకబోతే అమ్మ నా మూతి పట్టుకుని, సీసాలో మంచినీళ్లు గిన్నెలో పోసింది.

మొగ దగ్గరపడేసరికి పడవ అడుగున దెబ్బలు మొదలయ్యాయి. మొదటి అల పక్కనించి కొట్టింది. అందరం తడిసిపోయాం. మేనత్త "నరసింహా" అంది. పిల్లల నవ్వు ఆగిపోయింది. భయం వాసన ఎలా ఉంటుందో మాకు తెలుసు, పడవంతా అదే. అమ్మ చెయ్యి మళ్లీ నా వీపు మీదికి వచ్చింది. ఈసారి ఆ చెయ్యీ చల్లగానే ఉంది. నానమ్మ ఎవరూ చెప్పకుండానే తన పట్టీ ఇంకాస్త బిగించుకుంది.

"ఇంక ముందుకి వద్దండీ" అన్నాడు సరంగు. పడవ తిప్పేశాడు. గట్టు దూరంనించే చూశాం. పిల్లలు మొహాలు ముడుచుకున్నారు. నాన్నగారు మాత్రం "మంచి పని చేశావయ్యా" అని అతని భుజం తట్టారు. అమ్మతో ఏమీ అనలేదు. ఒడ్డుకి దిగాక పులిహోర పొట్లం మొదట అమ్మ చేతికే ఇచ్చారు. అది నేను చూశాను!

మీ ఇళ్లల్లో నాలాంటివాళ్లుంటే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

పడవెక్కే ముందు తలలు లెక్కపెట్టండి, ఆ తర్వాత జాకెట్లు. పెద్దవాళ్లది పిల్లలకి వేస్తే నీళ్లలో పైకి జారిపోతుంది. పట్టీలు పెట్టుకోకుండా దిండులా వేసుక్కూర్చుంటే ఉన్నా లేనట్టే.

మాకు చెమట పాదాల్లో తప్ప పట్టదు. రొప్పడమే మాకు విసనకర్ర. కాబట్టి ఎండ పొద్దులో కాకుండా ఉదయంపూటో, సాయంత్రంపూటో తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగితే మాకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. మా వాటా మంచినీళ్లు విడిగా తెండి.

సముద్రపు ఒడ్డున చలికాలం గొలుసు వదలకండి. ఆ రోజుల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిళ్లు మన తీరానికొచ్చి ఇసుకలో గుంట తవ్వి వంద దాకా గుడ్లు పెడతాయి. మా ముక్కుకి అవి ఇట్టే దొరుకుతాయి. తవ్వొద్దని చెబితే మాకు అర్థం కాదు, పట్టుకోవాల్సింది మీరే.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో స్నానం చేయించి, చెవులూ వేళ్ల సందులూ పొడిగా తుడవండి. ఉప్పు ఉండిపోతే దురదలు.

ఉంటాను మరి. వంటింట్లోంచి బొమ్మిడాయిల పులుసు వాసన వస్తోంది. ముళ్లు గుచ్చుకుంటాయని నాకు ముక్క పెట్టదు గానీ, గుమ్మం దగ్గర కూర్చుని వాసన చూడటానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా!