గ్రహణం మచ్చ కాదు

మా కడంబత్తూరు పక్క పసిబిడ్డ ముఖాన ఎర్రమచ్చ కనిపిస్తే చాలు, "గ్రహణంలో తల్లి బయటికొచ్చింది" అంటారు. లేదా "పెద్దయితే అదే పోతుందిలే" అంటారు. రెండు మాటలూ నాకు నచ్చవు.

పుట్టిన కొన్ని వారాలకు తేలి, నెలల్లో ఉబ్బే ఎర్రగడ్డ చాలామందిలో ఏళ్లు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. పుట్టుకతోనే ఉండే చదునైన ఎర్రమచ్చల్లో ఒక రకం అలా పోదు. బిడ్డతోపాటే పెరుగుతుంది, వయసుతో ముదురురంగు తిరిగి మందమవుతుంది. కడుపులో ఉండగా ఒక జన్యువులో వచ్చిన మార్పే దానికి కారణమని 2013లో తేలింది. ఇందులో తల్లి తప్పేముంది?

ఏదైనా సరే, కంటి దగ్గరుంటే ఆగకూడదు, చూపుకే ముప్పు రావచ్చు. రైలెక్కితే చెన్నై ఎంత దూరం? ఎగ్మూరులో సర్కారు పిల్లల ఆసుపత్రి ఉంది. పెళ్ళిచూపులప్పుడు పౌడరు పూసి దాచేకంటే, ఉయ్యాలలో ఉన్నప్పుడే డాక్టరుకు చూపించమని నేనంటాను.