లెక్కకు రాని విసురు
జర్మనీలో పుట్టి ఇటీవల ముంబయికి సైతము విచ్చేసిన హైరాక్స్ పోటీలో, కిలోమీటరు పరుగు, ఆ వెంటనే ఒక కఠిన వ్యాయామము, ఇట్లు 8 ఆవృత్తులు ముగియవలసిన ఆ సుదీర్ఘ పరీక్షలో, శిక్షకుడనై కంచె వెలుపల నిలిచి చూచిన నాకు సర్వోత్కృష్టముగా తోచినది విజేతల వేగము కాదు, చిట్టచివరి ఘట్టమైన వాల్‌బాల్స్ యెడ నిర్ణేతలు చూపిన నిష్పాక్షికత. ఓపెన్ విభాగపు స్త్రీలు 4 కిలోల బంతిని 100 మారులు ఎత్తయిన లక్ష్యమునకు తాకించవలెను. ప్రతిమారును గుంజీలో తుంటి మోకాలికంటె దిగువకు దిగవలెను. దిగనిచో ఆ విసురు లెక్కకు రాదు. చివరి విసురులలో వరుసగా రెండు చెల్లకపోగా, నా శిష్యురాలు, చెమటకు జారుచున్న అరచేతులను తుడుచుకొని, నిర్ణేతతో వాదులాడక, పాదములను మరికొంత ఎడముగా నిలిపి, మునుపటికంటె లోతుగా కూర్చుండి లేచినది. నేను అరచిన మాట ఒక్కటియు ఆమె చెవిని పడినట్లు లేదు. పడనక్కరయు లేదు, ఏలయన శిక్షకుని పని నెలల క్రిందటనే తాలింఖానాలో ముగిసియుండవలెను. బరువు పెంచుటయందు మనకు గల ఆత్రము కొలత పాటించుటయందు కానరాదు; సగము దిగిన గుంజీని మెచ్చుకోలుగా నిండు గుంజీ క్రింద జమకట్టు శిక్షకుడు శిష్యునకు అపకారమే చేయుచున్నాడు, ఆ ఋణమును శిష్యుడు పోటీనాడు, కాళ్లలో సత్తువ ఉడిగిన వేళ, వడ్డీతో చెల్లింపవలసివచ్చును.