ఆటలో దాసోహం

పారిజాతాపహరణం పాఠం చెప్పేటప్పుడు మా క్లాసులో ఒక ఘట్టం దగ్గర నవ్వులు పుట్టడం మామూలు. నారదుడు తెచ్చిన పువ్వు రుక్మిణికి దక్కిందని అలిగిన సత్యభామ పాదాలమీద కృష్ణుడు తల వాలుస్తాడు. ఆమె ఎడమకాలితో ఆ తలను తోస్తుంది. ఆయనకు కోపం రాలేదు సరికదా, తన ఒంటి పులకలు ముళ్ళలా గుచ్చుకుని ఆ లేతపాదం నొచ్చిందేమోనని విచారపడ్డాడు! రాయలవారికీ తిరుమలదేవికీ వచ్చిన ఎడబాటు తీర్చడానికే తిమ్మన ఈ కావ్యం రాశాడని ఒక కథ ఉంది. కథ మాట ఎలా ఉన్నా, గోవర్ధనమెత్తిన వాడు ఆడదాని కాళ్ళదగ్గర వంగితే తెలుగువాళ్ళు అయిదువందల ఏళ్ళుగా ముచ్చటపడుతూనే ఉన్నారు.

కాని అదే ముచ్చట మన పడకటింట్లోకి వస్తే భయపడతాం. పెళ్ళయి ఏడాదైన పాత విద్యార్థిని ఒకతె నన్ను అడిగింది: "మేడమ్, మా ఆయన పగలల్లా పదిమందికి పని పురమాయిస్తారు. రాత్రి నేను రాణిననీ, తాను బంటుననీ ఆడదామంటారు. చేతులు రుమాలుతో కట్టెయ్యమంటారు. నాకూ సరదాగానే ఉంది. ఇది జబ్బా అండీ?"

జబ్బు కాదమ్మా. బంధనం, ఆధిపత్యం, లొంగుబాటు కలిసిన ఈ ఆటలను ఇంగ్లీషువారు బి.డి.ఎస్.ఎం. అంటారు. ఇష్టపడినంత మాత్రాన అది రోగం కాదనీ, దానివల్ల మనిషి కుమిలిపోతున్నా, ఇష్టంలేని వారిమీద రుద్దినా మాత్రమే వైద్యం మాట ఎత్తాలనీ అమెరికా మనోవైద్యులు 2013లో తమ గ్రంథంలో రాశారు. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల పట్టికలో, పెద్దవాళ్ళిద్దరూ ఒప్పుకుని ఆడుకునే ఈ ఆట రోగంగా లేదు.

మరి లొంగినవాడు చులకన కాడా? మన రేవునే చూడండి. 1933లో తెరిచిన నాటినుంచీ, డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి లోపలికి వచ్చే ఓడమీదికి పైలటు ఎక్కుతాడు. అంతవరకూ ఓడకు రాజైన కెప్టెన్ అతడు చెప్పినట్టు నడుచుకుంటాడు. అంతమాత్రాన కెప్టెన్ పదవి పోయిందా? లేదే! ప్రమాదం కనిపిస్తే ఆపమనే అధికారం ఆయన చేతిలోనే ఉంది. ఆటలో లొంగేవారి సంగతీ అంతే. పగ్గాలు ఇచ్చినవారు ఎప్పుడైనా తిరిగి తీసుకోగలగాలి.

అందుకే ముందుగా ఒక మాట అనుకోవాలి. ఆటలో "వద్దు, వద్దు" అన్నది నటన కావచ్చు. కాబట్టి ఆటకు సంబంధంలేని మాట, "కైలాసగిరి" అనుకోండి, వినబడగానే అంతా ఆగిపోవాలి. కట్టినవారిని ఒంటరిగా వదలకూడదు. కత్తెర అందుబాటులో ఉండాలి. వేళ్ళు తిమ్మిరెక్కితే వెంటనే విప్పాలి. మెడజోలికి అసలు పోకూడదు. ఆట అయ్యాక గ్లాసెడు మంచినీళ్ళూ, ఒక చల్లని మాటా తప్పనిసరి.

ఈ జాగ్రత్త కొత్తదేమీ కాదు. కుంతలదేశపు శాతవాహనరాజు శాతకర్ణి, శృంగారంలో కొట్టిన ఒక దెబ్బతో మహాదేవి మలయవతిని చంపాడని వాత్స్యాయనుడు కామసూత్రాల్లో చెప్పాడు. పరుగందుకున్న గుర్రానికి గోతులు కనిపించనట్టే మోహంలో మనిషికి ప్రమాదం కనిపించదని హెచ్చరించాడు కూడా.

ఇంకొక్క మాట. సత్యభామ తన్నింది ఆటలో కాదు, నిజమైన కోపంలో. కావ్యం కనుక మనం నవ్వాం. కోపంతో భార్యను కొట్టి, తెల్లవారాక "సరదాకన్నాను" అనే మగవాడు ఆట ఆడలేదు, హింస చేశాడు. 2005లో వచ్చిన గృహహింస చట్టం అలాంటి ఇల్లాలి రక్షణకే. నిన్న ఒప్పుకున్నావుగా అన్నది కూడా చెల్లదు. నిన్నటి ఒప్పుదల నిన్నటికే సరి.

అసలు మన ఆడపిల్లలకు లొంగడం కొత్తగా నేర్పనక్కరలేదు. అది ఉగ్గుపాలతో పోస్తూనే ఉన్నాం. కాబట్టి లొంగేది భార్య అయిన ఇంట్లో ఇంకాస్త నిలిచి ఆలోచించాలి. ఆమె మనసుపడి ఆడుతోందా, కాదంటే ఏమవుతుందోనని ఆడుతోందా?

తెలుసుకోవడం కష్టం కాదు. మర్నాడు కాఫీ తాగుతూ "రాత్రి నాకు నచ్చలేదు" అని ఆ అమ్మాయి అనగలదా? అంటే ఆయన మొహం మాడ్చుకోకుండా వింటాడా? వింటే, రాణీ బంటూ ఎవరైనా ఫరవాలేదు, హాయిగా ఆడుకోండి. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయే ఇంట్లో మాత్రం ముందు దాని సంగతి చూసుకోండి. ఆట తర్వాత.