చపాతీ చుట్ట మనదే, అరగంట కూడా మనదే



మన పత్రికలో జీతాల గురించి, బోనసు గురించి, గ్రాట్యుటీ బకాయిల గురించి రాస్తుంటాం. ఈసారి నేను చపాతీ గురించి రాస్తున్నాను. నవ్వకండి. ముందు చివరిదాకా చదవండి, తరువాత కూడా నవ్వాలనిపిస్తే నవ్వండి.

మా ఇల్లు వ్యాసర్పాడిలో. నేను మిల్లులో రింగు ఫ్రేముల దగ్గర పనిచేసి బయటికి వచ్చినవాణ్ణి. మా అమ్మాయి ఒక ఎగుమతి బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను మీద పనిచేస్తుంది. పొద్దున ఆరున్నరకు వ్యాను వీధి మొగలో నిలుస్తుంది. అందుకోసం వాళ్ళమ్మ నాలుగున్నరకే లేచి అన్నం, పులుసు, వేపుడు చేసి డబ్బా కట్టేది. సాయంత్రానికి ఆ డబ్బా సగం నిండుగానే తిరిగి వచ్చేది.

"ఏమ్మా, అన్నం బాగాలేదా?" అని అడిగాను ఒకనాడు.

"బాగానే ఉంది నైనా. కొళాయి దగ్గర చెయ్యి కడగడానికి క్యూ, కూర్చునే చోటుకు ఇంకో క్యూ. డబ్బా విప్పి, కలిపి, నాలుగు ముద్దలు తినేసరికి బెల్లు కొడతారు. మిగిలింది మూసేస్తాను" అంది.

కొన్నాళ్ళకు ఆమె పక్క మిషను మీద పనిచేసే బెంగాలు అమ్మాయి ఇంటినుంచి తెచ్చుకున్న రోల్‌లో సగం తుంచి మా పిల్లకు పెట్టిందట. చపాతీలో కోడిగుడ్డు, ఉల్లిపాయ, బంగాళాదుంప పెట్టి చుట్టినది. చేతికి అంటదు, కలపక్కర్లేదు, ఐదు నిమిషాల్లో కడుపు నిండుతుంది. అప్పటినుంచి మా ఇంట్లో వారానికి మూడు రోజులు డబ్బాలోకి అన్నం బదులు ఈ చుట్టే పోతోంది.

మొదట నాకు నచ్చలేదు. అన్నం తినకుండా రోడ్డు మీద అమ్మే తిండి ఏమిటని కోప్పడ్డాను. కాని దీని సంగతి తెలుసుకున్నకొద్దీ, ఇది తీరిక లేని జనం తిండి అని తెలిసింది. కలకత్తాలో 1932లో మొదలైన నిజామ్స్ హోటలు పరోటాలో కబాబు చుట్టి ఇవ్వడంతో ఈ తిండికి పేరు వచ్చింది. కాఠీ అంటే పుల్ల. మాంసం ముక్కలు కాల్చే పుల్లను బట్టి కాఠీ రోల్ అన్నారు. బొంబాయిలో 1969లో అమర్‌జిత్ సింగ్ టిబ్ అనే ఆయన బేరూతులో చూసిన చుట్టరొట్టెను మన రుచికి మార్చి, ఫ్రాంకీ పేరుతో అమ్మడం మొదలుపెట్టారు. వెస్టిండీస్ క్రికెట్ ఆటగాడు ఫ్రాంక్ వారెల్ పేరు మీదుగా ఆ పేరు పెట్టారని చెబుతారు. అదే బొంబాయిలో మిల్లు పేటల్లో వడాపావ్ పెరిగింది. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది కార్మికులు పాల్గొన్నారు. వాళ్ళలో తెలంగాణ నుంచి వలస వెళ్ళిన మన పద్మశాలీ సోదరులూ ఉన్నారు. ఆ తరువాత పని పోయినవాళ్ళు ఎందరో వడాపావ్ బండి పెట్టుకొని పిల్లల్ని పెంచారు. మిల్లు కార్మికుడు నిలబడి తిన్న తిండే చివరికి అతని జీవనాధారం అయింది.

మన వ్యాసర్పాడి సంగతి మాత్రం తక్కువా? 1960లలో బర్మా నుంచి కట్టుబట్టలతో తిరిగి వచ్చినవాళ్ళు ఇక్కడ స్థిరపడ్డారు. వాళ్ళ అత్తో బండ్లు ఈనాటికీ సాయంత్రమైతే కిటకిటలాడతాయి. బతుకు తెరువు పోయిన మనిషిని పొయ్యి నిలబెడుతుంది. కనుక బండి తిండిని చిన్నచూపు చూసే హక్కు మనకు లేదు.

అయితే బండి మీద కొనడం వేరు, ఇంట్లో చేసుకోవడం వేరు. బండి వాళ్ళు వాడేది ఎక్కువగా మైదా. గోధుమ పైపొట్టు, మొలక తీసేసిన పిండి అది. పీచు పోతుంది, ఆకలి తొందరగా తిరిగి వస్తుంది. దానికి తోడు నూనె ధారగా పోస్తారు. మన పేటల్లో చక్కెర జబ్బు లేని ఇల్లు వెతకాల్సి వస్తున్న ఈ రోజుల్లో దాన్ని రోజువారీ భోజనం చేసుకోకూడదు. రేషన్ బియ్యానికి బదులు కొంత గోధుమ తీసుకునే వీలు ఉంది. దాన్ని శుభ్రం చేసి పిండిమరలో ఆడించుకుంటే పని తీరుతుంది. ఒక రోల్ కొనే డబ్బుతో ఇంట్లో ఎన్ని అవుతాయో లెక్క మీరే వేసుకోండి.

మా ఇంట్లో చేసే పద్ధతి చెబుతాను. అరకిలో గోధుమపిండికి ఒక చెంచా ఉప్పు, రెండు చెంచాల నూనె వేసి, గోరువెచ్చని నీళ్ళతో మెత్తగా కలపాలి. తడిబట్ట కప్పి అరగంట ఉంచాలి. ఈ అరగంట తగ్గించకూడదు, తగ్గిస్తే చపాతీ చుట్టేటప్పుడు చిట్లుతుంది. పెద్ద చపాతీలు పది వస్తాయి. రాత్రే వీటిని రెండువైపులా సగం కాల్చి, చల్లారాక గుడ్డలో చుట్టి పెట్టుకుంటే పొద్దున పని సగం తగ్గుతుంది.

లోపలికి అరకిలో బంగాళాదుంప, రాత్రి నానబెట్టిన శనగలు ఒక గ్లాసు. రెండూ పొద్దునే ఉడికించాలి. ఉడికించిన దుంపలు మద్రాసు ఎండల్లో రాత్రంతా బయట ఉంచితే పులిసిపోతాయి. మూడు ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి వేయించి, పసుపు, ధనియాల పొడి, కారం వేసి, దుంపలు, శనగలు చిదిపి కలపాలి. దించాక నిమ్మరసం పిండాలి. టమాటా వద్దు. నీరు ఊరి మధ్యాహ్నానికి చపాతీ నానిపోతుంది. కూర పొడిగా ఉండాలి, పూర్తిగా చల్లారాలి. వేడి కూర చుట్టి డబ్బా మూస్తే లోపల ఆవిరి పట్టి వాసన వస్తుంది. చాలామంది చేసే తప్పు ఇదే.

గుడ్డు కావాలనుకుంటే పెనం మీద ఒక గుడ్డు గిలకొట్టి పోసి, అది పచ్చిగా ఉండగానే పైన చపాతీ అంటించి, తిప్పి బాగా కాల్చాలి. చపాతీ ఒక అంచుకు దగ్గరగా కూర బారుగా పెట్టి, కింది కొస మడిచి, బిగించి చుట్టాలి. బండి మీద కాగితం చుడతారు. ఇంట్లో ఆ పని చేయకండి. పాత పేపర్లో తిండి చుట్టవద్దని, అచ్చు సిరా ఒంటికి చెరుపని ఆహార భద్రతా సంస్థ కూడా హెచ్చరించింది. అరటాకును మంట మీద కొంచెం వాడ్చితే చిరగకుండా చుట్టుకుంటుంది. చీల్చిన పచ్చి ఉల్లిపాయ కావాలంటే విడిగా పొట్లం కట్టండి. కోడికూర చుట్ట మాత్రం ఇంట్లోనే చేసిన వెంటనే తినండి. ఆరు గంటలు డబ్బాలో ఉంచేది కాదు.

దీనికి పంజాబీ మసాలాలే వేయాలని ఎవరూ శాసనం చేయలేదు. గోంగూర పచ్చడి పలుచగా పూసి దాని మీద కూర పెట్టండి. కాశిమేడు నుంచి వచ్చే ఎండు నెత్తళ్ళు వేయించి, ఉల్లిపాయతో కలిపి చుట్టి చూడండి. మిగిలిన వంకాయ వేపుడు కూడా పనికి వస్తుంది. మా ఇంట్లో గోంగూర చుట్టకు మించినది లేదు. ఆ బెంగాలు అమ్మాయి కూడా ఇప్పుడు అదే అడుగుతోందట.

ఇంకొక మాట. ఈ చుట్ట మగవాడి చేతికి కూడా లొంగుతుంది. ముప్పై ఏళ్ళు తెగిన దారం ముడివేసిన చేతికి చపాతీ చుట్టడం రాదా? మొదటి రోజు నావి వంకరటింకరగా వచ్చాయి. "ఏమయ్యా, ఇది చపాతీయా, ఆంధ్రా పటమా?" అని మా ఇంటిది ఎగతాళి చేసింది. ఇప్పుడు పిండి నేను కలుపుతాను, చుట్టడం నేను చేస్తాను, ఆమె ఐదున్నరకు లేస్తుంది. ఎనిమిది గంటల పని కోసం కొట్లాడిన మనం ఇంట్లో ఆడమనిషికి పదహారు గంటలు ఎలా రాసిపెట్టాం? దీనికి జవాబు సంఘం ఆఫీసులో కాదు, వంటింట్లో చెప్పాలి.

ఇక అసలు సంగతికి వస్తాను. నెల క్రితం మా అమ్మాయి ముఖం మాడ్చుకొని వచ్చింది. ఏమిటంటే, లైనులో ఆరేడుగురు అమ్మాయిలు చుట్టలు తెచ్చుకోవడం సూపర్‌వైజరు చూశాడు. "చేతిలో పట్టుకొని తినేదే కదా, మిషను దగ్గరే తినెయ్యండి, పది నిమిషాలు చాలు, ఆర్డరు అర్జెంటు" అన్నాడట. రెండు రోజులు అలాగే తిన్నారు. మూడో రోజు అన్నం తెచ్చుకున్న వాళ్ళను కూడా "వాళ్ళకు పది నిమిషాలు చాలితే మీకెందుకు అరగంట?" అని దబాయించాడట.

చూశారా, మన తెలివిని మన మీదికే ఎలా తిప్పారో! మనం మిగుల్చుకున్న నిమిషాలు మన నడుముకు, మన కళ్ళకు, పక్కవాళ్ళతో నాలుగు మాటలకు. యాజమాన్యానికి కానుక ఇవ్వడానికి కాదు.

ఈ పేటవాళ్ళకు ఈ నిమిషాల విలువ కొత్తగా చెప్పాలా? 1911 చట్టం ప్రకారం బట్టల మిల్లుల్లో మగవాళ్ళకు రోజుకు పన్నెండు గంటల పని. మన పక్కనున్న పెరంబూరు బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల్లో మధ్యాహ్నం విరామం అరగంటే. కాళ్ళు చేతులు కడుక్కొని తినేలోపల కూత వేసేది, కార్మికుడు ముద్ద విడిచి పరుగెత్తేవాడు. ఈ గోడు విన్న సెల్వపతి చెట్టియారు, రామానుజులు నాయుడు గారలు బి.పి. వాడియా గారి దగ్గరికి వెళ్ళారు. 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. దేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడిన మొదటి కార్మిక సంఘంగా దాన్ని చెబుతారు. తిండి విరామం పెంచాలన్నది దాని తొలి కోర్కెల్లో ఒకటి. అంటే మన సంఘ చరిత్ర జీతంతో మాత్రమే కాదు, సగం తిని మూసిన డబ్బాతో మొదలైంది. ఆ మిల్లు 1996లో మూతపడింది. నూరేళ్ళ తరువాత నా బిడ్డ డబ్బా సగం నిండుగానే ఇంటికి వస్తోంది!

చట్టం ఏమంది? 1948 ఫ్యాక్టరీల చట్టం 55వ సెక్షను ప్రకారం, కనీసం అరగంట విరామం లేకుండా ఎవరి చేతా ఐదు గంటలకు మించి పని చేయించకూడదని ఉండేది. 250 మందికి మించి ఉన్నచోట క్యాంటీను, 150 మందికి మించి ఉన్నచోట కూర్చొని తినే గది ఉండాలని అదే చట్టం రాసింది. 2020లో వచ్చిన వృత్తి భద్రత కోడ్ క్యాంటీనుకు ఆ సంఖ్యను 100కు తగ్గించింది. కాంట్రాక్టు కార్మికులనూ అందులో లెక్కించాలి. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్ర శాసనసభలో రోజుకు పన్నెండు గంటల పనికి వీలు కల్పించే బిల్లు ఆమోదించినప్పుడు సంఘాలన్నీ ఒక్కటై ఎదిరిస్తే, మే డే నాటికి దాన్ని వెనక్కి తీసుకుంటామని ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. మనం అడిగితే వస్తుంది, ఊరుకుంటే పోతుంది.

మా అమ్మాయీ, ఆమె తోటివాళ్ళూ నాలుగో రోజు ఒక పని చేశారు. అన్నం తెచ్చినవాళ్ళు, చుట్ట తెచ్చినవాళ్ళు, తెలుగు, తమిళ, బెంగాలు అమ్మాయిలు అందరూ కలిసి లేచి వెళ్ళి, మెట్ల దగ్గర వరుసగా కూర్చొని తిన్నారు. తిన్నవాళ్ళు కూడా బెల్లు కొట్టేదాకా లేవలేదు. నినాదం లేదు, గొడవ లేదు. మరునాడు సూపర్‌వైజరు ఆ మాట ఎత్తలేదు. తినే గది మాత్రం ఇంకా రాలేదు. దానికి అర్జీ రాస్తున్నారు, సంతకాలు పోగవుతున్నాయి.

అందుచేత నేను చెప్పదలచుకున్నది రెండే ముక్కలు. చుట్ట చేసుకోండి. చవక, బలం, వంటింటి శ్రమ తక్కువ. కాని దాన్ని మిషను మీద వంగి తినకండి. కూర్చొని తినండి, పక్కవాళ్ళకు తుంచి పెట్టండి, మిగిలిన నిమిషాలు కాళ్ళు చాపుకోండి. తినే చోటు లేకపోతే మీ సంఘం ప్రతినిధికి చెప్పి, అర్జీ రాయించి, నకలు దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు నవ్వాలనిపిస్తే నవ్వండి. కాని రేపు మధ్యాహ్నం బెల్లు కొట్టేముందు మీ డబ్బాలో ఎంత మిగిలిందో ఒకసారి చూసుకోండి.