ఎప్‌సెట్‌లో మంచి మార్కులంటే ఎన్ని?

ఇబ్రహీంపట్నం చుట్టూ ఇంజనీరింగ్ కళాశాలలకు కొదవలేదు. అందువల్లనేమో, ఎన్ని మార్కులు వస్తే చాలునని తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. 160కి 40 వస్తే అర్హత మాత్రమే. సీటును నిర్ణయించేది ర్యాంకు. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు గనుక ఏ ప్రశ్ననూ వదలరాదు.

మన పిల్లలకు అసలు గీత 10,000వ ర్యాంకు. ఆ లోపు వస్తే, ఆదాయ పరిమితికి లోబడి, బోధనా రుసుము మొత్తం ప్రభుత్వమే చెల్లిస్తుంది. దాటితే సాధారణంగా 35,000 రూపాయలకు మించి ఇవ్వదు. ఇది ఉమ్మడి రాష్ట్రం నాటి అంకె. పేరున్న కళాశాలల్లో రుసుము లక్ష దాటినా అది కదలలేదు. కోచింగు పెట్టించలేని ఇంటి బిడ్డే గీత అవతల పడతాడు, మిగతా రుసుమూ ఆ ఇంటి మీదే పడుతుంది. ఈ పరిమితిని ప్రభుత్వం పెంచి తీరాలని మేము కోరుతున్నాము.

బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. షేక్‌లు అందులోకి వస్తారు, సయ్యద్‌లు, పఠాన్‌లు రారు, దూదేకులవారు బీసీ-బీ. కుల ధ్రువపత్రం లేనిదే ఈ హక్కు కాగితం మీదనే మిగులుతుంది. దస్త్రాల మధ్య ఉద్యోగం చేసినవారము, ఆలస్యం ఎలా జరుగుతుందో ఎరుగుదుము. కుల పత్రానికి ఇంటర్ రెండో ఏడాదిలోనే మీసేవలో దరఖాస్తు చేయించండి. ఆదాయ పత్రం మాత్రం ప్రవేశాల ఏడాది జనవరి తరువాత తీసుకున్నదై ఉండాలి.