గోడకు కొలత ఉంది, గంపకు లేదు

మన హాస్టల్లో చేరేటప్పుడు నింపిన దరఖాస్తు ఫారంలో 'తండ్రి వృత్తి' అని ఒక గడి ఉండేది. మాలో చాలామందిమి అందులో 'కూలి' అని రాశాం. సుతారి పని చేసేవాళ్లు, సెంట్రింగ్ కట్టేవాళ్లు, ఇసుక జల్లెడ పట్టేవాళ్లు, మాలు మోసేవాళ్లు అందరూ ఆ రెండక్షరాల్లోనే ఇమిడిపోయారు. అమ్మ చేసే పని రాయడానికి మాకు గడి కూడా దొరకలేదు.

ఈ మధ్య 'ఉత్పాదకత' అనే మాట ఎక్కువగా వింటున్నాం. మన దేశంలో ఇంటి పని కూలీలు నెమ్మది అనీ, విదేశంలో ఒక్కడు చేసే పనికి ఇక్కడ నలుగురు కావాలనీ కాంట్రాక్టర్లు అంటారు. క్లాసులో కూడా కొందరు అంటారు. వినగానే మాకు కోపం వచ్చేది. తర్వాత, అసలు ఇది ఎలా కొలుస్తారో చూడాలనిపించింది.

సూత్రం చిన్నదే. జరిగిన పనిని, దానికి పట్టిన మనుషుల గంటలతో భాగించాలి. చిక్కంతా ఎవరిని లెక్కలోకి తీసుకుంటారన్న దగ్గరే ఉంది. ఒక ఘనపు మీటరు గోడను సుతారి ఒక్కడితో భాగిస్తే ఒక అంకె వస్తుంది, అతనికి అందించిన వాళ్లందరినీ కలిపి భాగిస్తే ఇంకొకటి వస్తుంది. అక్కడ క్రేను, పంపు చేసే పని ఇక్కడ మనిషి నెత్తి చేస్తుంది. ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి మనవాళ్లు బద్ధకస్తులని తేల్చడం ఏ శాస్త్రమో మాకు అర్థం కాలేదు.

మన దేశంలో కొలతలు లేవని కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ 1974లోనే ఐ.ఎస్. 7272 పేరుతో, భవన నిర్మాణంలో ఏ పనికి ఎంత శ్రమ పడుతుందో పట్టికలు అచ్చేసింది. ఆ మొదటి భాగం ఉత్తర మండలానికి సంబంధించినది. ప్రభుత్వ పనుల అంచనాలు కూడా ఇలాంటి పట్టికల మీదే తయారవుతాయి. ఇంజనీరు చూస్తాడు, కాంట్రాక్టరు చూస్తాడు. ఎవరి చెమటను లెక్కగట్టారో వాళ్ల చేతికి మాత్రం ఆ కాగితం రాదు.

పోయిన మే నెలలో మేము ముగ్గురం ఊరి చివర కడుతున్న ఒక రెండంతస్తుల ఇంటి దగ్గర మూడు రోజులు కూర్చున్నాం. ప్రతి పది నిమిషాలకు తలెత్తి, ఎవరు పని చేస్తున్నారు, ఎవరు మోస్తున్నారు, ఎవరు ఎదురుచూస్తున్నారు అని గీతలు పెట్టుకున్నాం. ఈ పద్ధతి మాది కాదు. ఇంగ్లండులో టిప్పెట్ అనే ఆయన 1930లలో బట్టల మిల్లుల్లో వాడినదే. మూడు రోజుల గీతలతో ఏ సిద్ధాంతమూ నిలబడదని మాకు తెలుసు, అందుకే అంకెలు ఇక్కడ రాయడం లేదు. చూసింది మాత్రం రాస్తాం. మొదటి రోజు నీళ్ల ట్యాంకరు పదకొండింటికి వచ్చింది. అంతదాకా సుతారి తాపీ పట్టుకుని కూర్చున్నాడు. రెండో రోజు ఇటుకల లారీ లోపలికి రాలేక రోడ్డు మీదే దించి పోయింది. ఆ ఇటుకలన్నీ గోడ దగ్గరికి చేరడానికి మధ్యాహ్నం దాటింది. ఇందులో బద్ధకం ఎవరిది?

అమెరికాలో ఫ్రాంక్ గిల్బ్రెత్ అనే ఆయన 1885లో ఇటుక పనిలో చేరి, ఒక్క ఇటుక పెట్టడానికి మేస్త్రీలు చేసే 18 కదలికలను 5 దాకా తగ్గించాడు. 1909లో దాని మీద పుస్తకం కూడా రాశాడు. ఆయన మేస్త్రీలను తిట్టి పని పెంచలేదు. గోడతో పాటు పైకి జరిగే పరంజా కట్టించి, వంగకుండా చేతికందే ఎత్తులో ఇటుకలు పేర్పించాడు.

ఇక మోసేవాళ్ల సంగతి. ఘనపు మీటరు గోడకు సుమారు 500 ఇటుకలు కావాలి. ఇటుక మూడు కిలోలు అనుకుంటే పదిహేను క్వింటాళ్లు. ఎనిమిదేసి ఇటుకలు నెత్తిన పెట్టుకుంటే అరవైకి పైగా తిరుగుళ్లు. మాలు గంపలు వేరే. ఇదంతా ఎక్కువగా ఆడవాళ్లే మోస్తారు. పని పూర్తయ్యాక కొలత టేపు గోడ మీద పెడతారు, గోడ సుతారి లెక్కలో పడుతుంది. ఆమె 'హెల్పర్'. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది, కానీ అడ్డా మీద ఆడమనిషి కూలి మగమనిషి కూలికి తక్కువగానే పలుకుతుంది.

ఎండ సంగతి ఏ పట్టికలోనూ మాకు కనిపించలేదు. ఆసిఫాబాద్‌లో మే నెలలో 45 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు అప్పటి మన ఆదిలాబాద్ జిల్లా తొలి విడతలోనే ఉంది. ఆ పనుల్లో నేల గట్టిదా మెత్తదా అని చూసి, ఎంత తవ్వగలరో పని–కాలం అధ్యయనాలు చేసి రేట్లు కట్టారు. వేసవి నెలల్లో 30 శాతం వరకు అదనపు భత్యం కలిపారు, అంటే తక్కువ తవ్వినా కూలి పడేటట్టు. మన పల్లెల నుంచి దుబాయి పోయినవాళ్లకు కూడా అక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని నిషేధం. ఎంత అమలవుతుందో వేరే మాట, రాత అయితే ఉంది. మేము కూర్చున్న ఆ ఇంటి దగ్గర మధ్యాహ్నం రెండింటికి స్లాబు మీద చువ్వలు కడుతున్నారు.

కొలవడమే దోపిడీ అని మా మిత్రుల్లో కొందరి వాదన. మేము ఒప్పుకోం. గుత్త పనిలో కొలత ఎప్పటి నుంచో ఉంది, అది మేస్త్రీ జేబులో ఉంది, అంతే. అయినా ఆ మిత్రుల భయం ఊరికే పుట్టింది కాదని రెండో రోజు తెలిసింది. మేము రాసుకోవడం చూసి, మాలు మోసే ఒక పెద్దమ్మ గంప దించి దగ్గరికొచ్చి, "పైసలు కోస్తరా బిడ్డా?" అని అడిగింది. కోయరని చెప్పినా నమ్మలేదు. ఆ రోజంతా నీళ్లు తాగడానికి కూడా ఆగకుండా తిరిగింది. మా గీతల్లో ఆ పూట 'విశ్రాంతి' గడి ఖాళీగా ఉంది. ఆ పూట లెక్కను మేము కొట్టేశాం.

మూడో రోజు పుస్తకం ఆమె చేతికే ఇచ్చి ఏ గీత దేనికో చెప్పాం. ఆమెకు చదువు రాదు, గీతలు లెక్కపెట్టడం వచ్చు. నీళ్లు రాక ఆగిన గడిలో ఎక్కువ గీతలుంటే చూసి నవ్వింది.

హాస్టల్లో పాలిటెక్నిక్ సివిల్ చదివే తమ్ముళ్లు ఉన్నారు. వాళ్లకు ప్రాజెక్టు పని ఎలాగూ ఉంటుంది. వేసవిలో అమ్మానాన్నల వెంట పనికి పోయేవాళ్లు ఇంకా ఎక్కువమంది. నీళ్లు ఎన్నింటికి వచ్చాయి, ఇటుకలు ఎంత దూరంలో దించారు, ఎన్ని గంపలు మోశారు, ఈ మూడూ రోజూ రాసుకుంటే చాలు. గీతలు పెట్టిన కాగితాలు మా దగ్గర మిగిలి ఉన్నాయి, కావలసినవాళ్లు అడిగి తీసుకోవచ్చు. పని చేసేవాళ్లకు ముందే చూపించి మొదలుపెట్టండి.